హియరింగుకు పిలిస్తే భయమెందుకు?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఊరగాయలూ, జుట్టు ఊడిపోవడమూ, పిల్లల పరీక్షలూ కాకుండా కొత్తరకం ఉత్తరం ఒకటి ఉంది. వ్రాసినావిడది తెనాలి దగ్గర సంగం జాగర్లమూడి. పేరు వెయ్యవద్దన్నారు గనుక వెయ్యడంలేదు. ఆమె వ్రాసినదాన్ని కాస్త కుదించి ఇస్తున్నాను.

“అక్కయ్యగారూ! మా మరిదికి వెల్డింగు షాపు ఉన్నది. పసుపుకొమ్ములు బానల్లో నీళ్ళుపోసి ఉడకబెడితే బండెడు కట్టెలు కాలుతున్నాయనీ, అడుగునవి చితికిపోయి పైవి పచ్చిగా ఉండిపోతున్నాయనీ మా మామయ్యగారు ఏటా విసుక్కుంటారు. అది చూసి మా మరిది ఆవిరితో ఉడికించే డ్రమ్ము ఒకటి తయారుచేశాడు. పేటెంటు తీసుకోమని తెలిసినవాళ్ళు చెబితే, ఏజెంటు ద్వారా దరఖాస్తు పెట్టాడు. ఆ ఖర్చులకు నా గొలుసు తాకట్టులో ఉంది. ఆఫీసువారు అభ్యంతరాలు వ్రాస్తే జవాబు పంపించాము. ఇప్పుడు మూడు వారాల్లో హియరింగని నోటీసు వచ్చింది. మామయ్యగారు ‘కోర్టుకెక్కిన కొంప బాగుపడదు, వదిలెయ్యండిరా’ అంటున్నారు. మరిది సరిగా అన్నం తినడంలేదు. హియరింగంటే కోర్టేనా? మద్రాసు వెళ్ళాలా? ఇంగ్లీషులో అడిగితే మావాడు ఏం చెబుతాడు? నాకు ఈ సంగతులేవీ తెలియవు. డ్రమ్ము వేసిన ప్రతిసారీ ఎన్ని కట్టెలు కాలాయో, ఎంతసేపు పట్టిందో పుస్తకంలో వ్రాసిపెట్టడం మాత్రం నా పని.”

చూశారా! అసలు సంగతిని ఆవిడ చివరి వాక్యంలో, అదేదో చిన్న విషయమన్నట్లు వ్రాశారు. దాని దగ్గరికి తరవాత వస్తాను. నేను వకీలును కాను. తెలియనిదాన్ని తెలిసినవాళ్ళ నడిగి, చదివి, ఇంట్లో అందరికీ అర్థమయ్యేటట్లు చెప్పడమే ఈ శీర్షిక పని. ఈ ఉత్తరం ఒక్క కుటుంబానిదే అయినా, ఈ రోజుల్లో షెడ్డులోనో కాలేజీలోనో ఏదో ఒకటి కనిపెట్టే కుర్రవాడు లేని ఊరు లేదు గనుక నలుగురికీ పనికివస్తుందని వివరంగానే వ్రాస్తున్నాను.

ముందు మామయ్యగారి భయం తీర్చాలి. హియరింగు కోర్టు కాదు. బోను ఉండదు, ఎదుటి పార్టీ ఉండదు. మీ దరఖాస్తు చూసే అధికారిని కంట్రోలరు అంటారు. సాధారణంగా ఆయన ఇంజనీరింగో, సైన్సో చదువుకున్నవాడే. ఒక దరఖాస్తును కాదనేముందు, కావాలన్నవారిని పిలిచి, చెప్పుకోవడానికి అవకాశం ఇవ్వాలని మన 1970 నాటి పేటెంట్ల చట్టం శాసిస్తున్నది. అంటే ఆ నోటీసు బెదిరింపు కాగితం కాదు, “మీ మాట వినకుండా కాదనను” అనే కాగితం. పెళ్ళిచూపుల్లో పిల్లను చూడకుండానే వద్దని కబురు చేస్తే మనకు ఒళ్ళు మండదూ? ఇక్కడ చూస్తామనే అంటున్నారు.

ఇక ప్రయాణం మాట. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై పేటెంటు ఆఫీసు కిందికి వస్తాయి. కాని హియరింగును వీడియోలో జరపడానికి నియమాలు ఒప్పుకుంటున్నాయి. కంప్యూటరు, నికరమైన ఇంటర్నెట్టు ఉంటే సంగం జాగర్లమూడిలోనే కూర్చుని మాట్లాడవచ్చు. కరెంటు పోయే వేళ మాత్రం చూసుకోండి! భాష సంగతికి వస్తే, దాఖలు చేసే కాగితాలు ఇంగ్లీషులోగాని హిందీలోగాని ఉండాలి, తెలుగు చెల్లదు. హియరింగులో ఏజెంటు మాట్లాడవచ్చు, మీ మరిది పక్కన కూర్చోవచ్చు. కూర్చోవాలి కూడా. చట్టం ఏజెంటుకు తెలుసు, డ్రమ్ము లోపల ఆవిరి ఎటు తిరుగుతుందో మీ మరిదికే తెలుసు.

వదిలేస్తే ఏమవుతుందని అడిగారు. పేటెంటు దారిలో చాలా దరఖాస్తులు ఓడిపోయి చావవు, మాటాపలుకూ లేక చస్తాయి. దరఖాస్తు పెట్టిన పద్దెనిమిది నెలలకు అది పత్రికలో ప్రకటితమవుతుంది. పరీక్ష చెయ్యండని వేరే అడగాలి. అడిగిన తరవాత పరీక్షకుడు అభ్యంతరాల నివేదిక పంపుతాడు. దానికి ఆరు నెలల్లో జవాబు చెప్పాలి, గడువు కావాలంటే ఆలోపే కోరి, రుసుము కట్టి పొడిగించుకోవాలి. ఏదీ చెయ్యకపోతే దరఖాస్తు వదులుకున్నట్లే లెక్క. మీరు ఆ మెట్టు దాటారు. ఇప్పుడు హియరింగుకు పోకపోతే, కాగితాల్లో ఉన్నదాన్నిబట్టే ఆయన నిర్ణయం చేసేస్తాడు. ఆయనకు తీరని అనుమానం ఉన్నందుకే గదా పిలిచింది! తీర్చేవాడు లేకపోతే ఏ నిర్ణయం వస్తుందో వేరే చెప్పాలా? అంచేత మామయ్యగారితో ఇట్లా అనండి: “డబ్బు కట్టేశాం, రైలు ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది, ఇప్పుడు ఇంటికి పోదామంటే ఎట్లాగండీ?”

సరే, వెళ్ళారు. వెళ్ళి ఏం చెప్పాలి? దీనికి మీ పొరుగున జరిగే వ్యాపారంలోనుంచే జవాబు చెబుతాను. మీకు దగ్గరలోనే దుగ్గిరాల. అక్కడి పసుపు యార్డు పేరు తెలియనివారు మన ప్రాంతంలో లేరు. వేలు తెగితే పసుపు అద్దడం మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. అటువంటి పసుపు మీద, గాయాలు మాన్పడానికి వాడే పద్ధతి అంటూ, 1995 మార్చిలో అమెరికా పేటెంటు ఆఫీసు మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్యకేంద్రానికి పేటెంటు ఇచ్చింది. మన అమ్మమ్మలు వింటే బుగ్గలు నొక్కుకునేవారే. కాని అమ్మమ్మ బుగ్గలు నొక్కుకుంటే అది అక్కడ సాక్ష్యం కాదు. ఆనాటి అమెరికా చట్టం ప్రకారం పరదేశంలో జనం ఒక పని చేస్తున్నారంటే చాలదు. అది ఎక్కడో అచ్చయి ఉండాలి, లేదా పేటెంటయి ఉండాలి.

అప్పుడు మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి, డాక్టర్ మాషేల్కర్ నాయకత్వంలో, 1996 అక్టోబరులో ఆ పేటెంటును తిరిగి పరీక్షించమని కోరింది. కోపంగా ఉపన్యాసం చెయ్యలేదు. “ఇది మా సంస్కృతి” అని కన్నీళ్ళు పెట్టుకోలేదు. 32 ఆధారాలు వెదికి పట్టి ముందు పెట్టింది. వాటిలో సంస్కృతం, ఉర్దూ, హిందీ గ్రంథాలు ఉన్నాయి. కొన్ని నూరేళ్ళు దాటినవి. 1953లో భారత వైద్యసంఘం పత్రికలో అచ్చయిన వ్యాసం ఒకటి ఉంది. 1997 ఆగస్టులో అమెరికా ఆఫీసు ఆ పేటెంటులోని కోరికలన్నిటినీ కొట్టివేసింది. దేశమంతా వంటింట్లో తెలిసిన సంగతి నెగ్గడానికి 32 కాగితాలు కావలసివచ్చాయి! ఆ అనుభవం తరవాతే 2001లో మన సంప్రదాయ విజ్ఞానానికి కంప్యూటరులో గ్రంథాలయం కట్టడం మొదలుపెట్టారు. పాత వైద్యగ్రంథాల్లోని యోగాలను విదేశీ పరీక్షకులు చదవగల భాషల్లోకి మార్చి అందులో పెట్టారు.

మీ మరిది విషయంలో ఇది తారుమారుగా పనిచేస్తుంది. అక్కడ “ఇది పాతదే” అని నిరూపించాలి, ఇక్కడ “ఇది కొత్తదే” అని నిరూపించాలి. సూత్రం మాత్రం ఒక్కటే. ఆ బల్ల ముందు మనకు తెలిసినదానికి విలువ లేదు, కాగితం మీద చూపించగలిగినదానికే విలువ. ఈ ఒక్క ముక్క మీ ఇంటిల్లిపాదీ గుర్తుపెట్టుకుంటే సగం పని అయినట్లే.

మరొక ఉదాహరణ చెబుతాను. మన గుంటూరు జిల్లావారైన నన్నపనేని వెంకయ్య చౌదరిగారు హైదరాబాదులో స్థాపించిన నాట్కో కంపెనీ సంగతి పేపర్లలో చదివే ఉంటారు. మూత్రపిండాల, కాలేయపు క్యాన్సరుకు వాడే ఒక మందు మీద బేయరు అనే విదేశీ కంపెనీకి అప్పట్లో పేటెంటు ఉండేది. నెలకు సుమారు 2 లక్షల 80 వేల రూపాయల ఖరీదు ఉండేది. పేటెంటు ఉన్నా సరే ఆ మందు తయారుచేసే లైసెన్సు ఇప్పించమని నాట్కో 2011లో కోరింది. ఇరుపక్షాల వాదనలూ విని, 2012 మార్చి 9న కంట్రోలరు లైసెన్సు ఇచ్చారు. నెల మందు 8,880 రూపాయలకు మించకూడదన్నారు. ఆ తీర్పులో నాకు నచ్చిన విషయమేమంటే, మందు మన దేశంలో రోగులకు ఏపాటి అందిందో తేల్చడానికి ఆ విదేశీ కంపెనీ తానే పేటెంటు ఆఫీసుకు సమర్పించిన లెక్కలు కూడా పనికివచ్చాయి. ఎవరెంత గట్టిగా మాట్లాడారన్నది కాదు, ఎవరి కాగితం ఏం చెబుతున్నదన్నది ముఖ్యం. ఒక హియరింగు గదిలో నడిచిన మాటలవల్ల ఎన్ని ఇళ్ళకు మందు అందుబాటులోకి వచ్చిందో ఊహించుకోండి.

ఇక మన డ్రమ్ము దగ్గరికి వద్దాం. ఉత్తరంతోబాటు నోటీసు నకలు పంపారు, చదివాను. అభ్యంతరాలు మూడు. ఇటువంటివి చాలామందికి వస్తాయి గనుక ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది: “దుంపలు ఆవిరితో ఉడికించే పాత్ర ఒకటి ఇదివరకే పేటెంటు కాగితాల్లో ఉన్నది. దాన్ని చూసిన పనివాడికి ఎవరికైనా మీ డ్రమ్ము తట్టదా?” దీనికి “మాది చాలా గొప్పది” అంటే జవాబు కాదు. ఆ పాత కాగితం తెచ్చుకుని, మీ మరిది, ఏజెంటు కూర్చుని, ఒక కాగితం మధ్యలో గీతగీసి, ఎడమపక్క అందులో ఏముందో, కుడిపక్క మీదాంట్లో ఏముందో వ్రాయాలి. అందులో ఆవిరి అడుగునుంచి మాత్రమే వస్తున్నది, చల్లారిన నీరు బయటికి పోతున్నది. మీదాంట్లో చిల్లుల గొట్టం డ్రమ్ము నడుమగా పైదాకా ఉన్నది, చల్లారిన నీరు మళ్ళీ నీళ్ళతొట్టికే చేరుతున్నది. తేడా ఇది. కాని తేడా చెప్పి ఊరుకోరాదు. తేడావల్ల ఏం ఒరిగిందో చెప్పాలి: పైనా కిందా కొమ్ములు సమంగా ఉడుకుతున్నాయి, కట్టెలు తక్కువ కాలుతున్నాయి. ఆ తరవాత, పాత కాగితం చదివిన పనివాడు ఈ దారి ఎందుకు పట్టడో చెప్పాలి. తేడా, దానివల్ల లాభం, అది తేలికగా తట్టకపోవడం. ఈ మూడు మెట్లూ వరసగా ఎక్కాలి.

రెండో అభ్యంతరం: “డ్రమ్ము, గొట్టం, తొట్టి అన్నీ తెలిసినవే. వాటిని పక్కపక్కన పెట్టినంతమాత్రాన కొత్తదనమా?” చట్టంలో మూడో సెక్షను కింద పేటెంటు ఇవ్వకూడనివాటి జాబితా ఉంది. తెలిసిన సాధనాలు దేనిపాటికది పాత పనే చేసుకుంటూ ఉంటే, ఉత్త కూర్పుకు పేటెంటు లేదు. ఇడ్లీపాత్ర మీద గడియారం కట్టినట్లన్నమాట. గడియారం టైము చెబుతుంది, ఇడ్లీపాత్ర ఇడ్లీ వండుతుంది. ఒకదానికొకటి చుట్టరికం లేదు. మీ డ్రమ్ములో అట్లా కాదని చూపాలి. గొట్టంలోనుంచి వచ్చిన ఆవిరి కొమ్ములను ఉడికించి నీరవుతున్నది, ఆ వేడినీరు తొట్టికి పోయి మళ్ళీ త్వరగా ఆవిరవుతున్నది. ఒక భాగం తీసేస్తే రెండోదాని పని తగ్గిపోతుంది. అదీ జవాబు. బొమ్మ గీసి చూపిస్తే ఇంకా మంచిది.

మూడోది: “‘తగినంత ఆవిరి’ అని వ్రాశారు. తగినంత అంటే ఎంత?” ఇది చూసి మీ మరిది కోపం తెచ్చుకున్నాడని వ్రాశారు. కోపం వద్దు. దరఖాస్తు చివర క్లెయిములని ఉంటాయి. పొలం దస్తావేజులో తూర్పు ఫలానా, పడమర ఫలానా అని హద్దులు వ్రాసినట్లే అవి. “తగినంత దూరం వరకు నా పొలం” అని వ్రాస్తే రిజిస్ట్రారు ఒప్పుకుంటాడా? హద్దు స్పష్టంగా చెప్పాలి. అయితే ఒక జాగ్రత్త. ఇప్పుడు దిద్దేది మొదట దాఖలుచేసిన వివరణలో ఉన్నదానికి లోబడే ఉండాలి. హద్దు కుదించుకోవచ్చు, స్పష్టం చేసుకోవచ్చు. పక్కవాడి చేను కలుపుకోవడానికి వీల్లేదు. నిన్నగాక మొన్న డ్రమ్ముకు తగిలించిన కొత్త మూతను ఇందులో చేర్చబోతే ఒప్పుకోరు. దానికి వేరే దరఖాస్తు పెట్టుకోవలసిందే.

ఇప్పుడు మీ పుస్తకం సంగతి. అమ్మా, “నాకు ఈ సంగతులేవీ తెలియవు” అన్నారు గాని, మీ ఇంట్లో ఈ కేసుకు అందరికంటే ఎక్కువ పనికివచ్చే పని చేసింది మీరే! పాత బానలో ఎన్ని కట్టెలు, కొత్త డ్రమ్ములో ఎన్ని కట్టెలు, ఎంతసేపు, ఏ తేదీన అన్నది అప్పటికప్పుడు వ్రాసిన పుస్తకానికి సాటి లేదు. “తక్కువ కట్టెలు చాలుతాయి” అని దరఖాస్తులో ఉన్న మాటకు అది ఊపిరి పోస్తుంది. పేటెంటు ఆఫీసులో సాక్ష్యాన్ని ప్రమాణపత్రం రూపంలో ఇవ్వవచ్చు. ఆ అంకెలను పట్టికగా వేయించి, ప్రమాణపత్రంతో దాఖలు చెయ్యమని మీ ఏజెంటును అడగండి. పుస్తకంలో ఒక్క అక్షరమైనా దిద్దవద్దు, చెరిపి వ్రాయవద్దు. డ్రమ్ము సరిగా పనిచెయ్యని రోజుల లెక్కలు కూడా ఉండనివ్వండి. అన్నీ బాగున్న పుస్తకాన్నే అధికారులు అనుమానిస్తారు.

ఏం చెప్పకూడదో కూడా చెప్పాలి. కుర్రవాడు ఎన్నేళ్ళు కష్టపడ్డాడో, గొలుసు ఎక్కడ తాకట్టుందో, ఎంతమంది మెచ్చుకున్నారో చెప్పడంవల్ల లాభంలేదు. కంట్రోలరు కఠినుడని కాదు. ఆయన తూచే త్రాసులో ఆ రాళ్ళు లేవు. ఆ దుఃఖం నాబోటి అక్కయ్యకు చెప్పుకోండి, వింటాను.

హియరింగుకు వారం ముందునుంచి ఇంట్లో రిహార్సలు వెయ్యండి. మీరే కంట్రోలరు. మీ మరిదిని ఎదురుగా కూర్చోబెట్టి, “పాతదానికీ నీదానికీ తేడా ఏమిటయ్యా? తేడావల్ల లాభమేమిటి? అది దరఖాస్తులో ఏ పేజీలో ఉంది?” అని అడగండి. ఒక్కొక్క ప్రశ్నకు నాలుగు వాక్యాల్లో జవాబు రావాలి. “అదికాదు వదినా, అసలేమైందంటే” అని మొదలుపెడితే ఆపండి! ప్రశ్న పూర్తిగా విని, అడిగినదానికే చెప్పడం అలవాటు చెయ్యండి. వెంటనే తేల్చి చెప్పలేని ప్రశ్న వస్తే, “దీనికి వివరం వ్రాతపూర్వకంగా దాఖలుచేస్తాము” అనవచ్చు, అందులో అవమానం లేదు. మీరు పక్కన కూర్చుని అడిగిన ప్రతి ప్రశ్నా వ్రాసుకోండి. ఆ పని మీకు అలవాటే గదా!

ఆ రోజు నిజంగా వీలుకాకపోతే వాయిదా కోరవచ్చు. సరైన కారణం చూపి, రుసుము కట్టి, హియరింగుకు కనీసం మూడు రోజుల ముందు అడగాలి. అట్లా రెండుసార్లకు మించి ఇవ్వరు, ఒక్కొక్క వాయిదా ముప్ఫై రోజులు దాటదు. ఇవ్వడం ఇవ్వకపోవడం కంట్రోలరు ఇష్టం. ముహూర్తం బాగాలేదని మాత్రం అడగకండి.

హియరింగు కాగానే అమ్మయ్య అనుకుని పడుకునేవారున్నారు. అసలు పని అప్పుడే మొదలు. హియరింగు జరిగిన రోజునుంచి పదిహేను రోజుల్లో మీ వాదన వ్రాతపూర్వకంగా, అవసరమైన కాగితాలతో సహా దాఖలు చెయ్యాలి. నోటితో చెప్పింది గాలికి పోతుంది. కంట్రోలరు ఎన్నో దరఖాస్తులు చూసి, తరవాతెప్పుడో తీర్పు వ్రాయడానికి కూర్చున్నప్పుడు ఆయన ముందుండేది ఆ కాగితమే. ఆపైన రేపు హైకోర్టుకు వెళ్ళవలసివచ్చినా అక్కడ చూసేదీ అదే. అంచేత ఆ కాగితం ఎట్లా ఉండాలో చెబుతాను.

పైన దరఖాస్తు నంబరు, హియరింగు తేదీ, ఎవరు హాజరయిందీ వ్రాయాలి. నోటీసులో అభ్యంతరాలు ఏ వరసలో ఉంటే ఆ వరసలోనే జవాబులుండాలి, ఒక్కటి కూడా దాటవేయరాదు. దాటవేసిన ప్రశ్నే తీర్పులో తేలుతుంది. ప్రతి జవాబుకూ ముందు అభ్యంతరం ఒక వాక్యంలో, ఆ తరవాత మీ సమాధానం, ఆ తరవాత దానికి ఆధారం ఏ పేజీలో ఏ పేరాలో ఉందో ఇవ్వాలి. హియరింగులో ఆయన కొత్తగా అడిగినవుంటే వాటికి వేరే శీర్షిక పెట్టాలి. క్లెయిములు దిద్దితే, మార్పులు గుర్తుపెట్టిన ప్రతి ఒకటి, శుభ్రమైన ప్రతి ఒకటి జతచెయ్యాలి. అక్కడ నోటితో ఒప్పుకున్న మార్పు ఇక్కడ తప్పక కనిపించాలి. పదిహేనో రోజు సాయంత్రం దాకా ఆగకుండా పదో రోజుకే దాఖలుచేసి, రసీదు భద్రంగా దాచుకోవాలి. ఏజెంటు దాఖలుచేసే ముందు నకలు తెప్పించుకుని ఇంట్లో చదవండి. ఇంగ్లీషు వచ్చిన పిల్లవాడెవడైనా వాక్యం వాక్యం తెలుగులో చెబితే, మీ మరిది “డ్రమ్ములో జరిగేది ఇదే” అనాలి. అనకపోతే ఆ వాక్యం మార్చవలసిందే.

ఆ తరవాత ఉత్తర్వు వస్తుంది. పేటెంటు ఇస్తే సరే. కాదంటే ఎందుకు కాదన్నదీ కారణాలు వ్రాయవలసిన బాధ్యత ఆయనకున్నది. ఉత్తర్వు అందిన నెలరోజుల్లో పునఃపరిశీలన కోరవచ్చు, మూడు నెలల్లో హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. ఇదివరకు అప్పీళ్ళకు వేరే బోర్డు ఉండేది. 2021లో దాన్ని రద్దుచేసి ఆ పని హైకోర్టులకే అప్పగించారు. మామయ్యగారి కోర్టు భయానికి చోటున్నది అక్కడ, ఇక్కడ కాదు. అంతదూరం వెళ్ళాలా వద్దా అన్నది ఉత్తర్వు చదివిన తరవాత, చేతిలో డబ్బు చూసుకుని ఆలోచించుకోవచ్చు.

ఈ సందర్భంలోనే మిగతా పాఠకులకు రెండు మాటలు. ఎవరిదైనా దరఖాస్తు ప్రకటితమైన తరవాత, పేటెంటు ఇవ్వకముందు, “ఇది మా ఊళ్ళో ఎప్పటినుంచో ఉన్నదే” అని ఎవరైనా వ్రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పవచ్చు. ఇచ్చిన తరవాతైతే సంబంధం ఉన్నవారు ఏడాదిలోపు చెప్పాలి. ఆ హియరింగులో ఎదుటి పార్టీ ఉంటుంది గనుక కట్టుబాట్లు ఎక్కువ. పేటెంటు ఇచ్చిన తరవాతి తగాదాలో, అంతకుముందు చూపని ప్రచురణ ఏదైనా హియరింగులో చూపదలిస్తే కనీసం అయిదు రోజుల ముందు ఎదుటివారికీ కంట్రోలరుకూ తెలపాలి. ఆఖరి నిమిషంలో సంచీలోనుంచి కాగితం తీసి అందరినీ నివ్వెరపరచడం సినిమాల్లోనే. వేపనూనెతో బూజుతెగుళ్ళు పోగొట్టే పద్ధతిపై యూరపులో ఇచ్చిన పేటెంటును 2000లో మ్యూనిక్‌లో రద్దుచేశారు. భారతదేశంలో అంతకుముందే ఆ రకం పని చేసిన పరిశ్రమ వ్యక్తి ఒకరు వెళ్ళి సాక్ష్యం చెప్పడం అందుకు తోడ్పడింది. 2005లో అప్పీలులోనూ ఆ నిర్ణయమే నిలిచింది.

రెండోది, ఇంకా దరఖాస్తు పెట్టనివారికి. కనిపెట్టినదాన్ని ముందు ఎగ్జిబిషనులో పెట్టి, వీడియో తీసి ఊరందరికీ పంపి, ఆ తరవాత పేటెంటుకు వెళ్ళకండి. మీరు బయటపెట్టినదే మీకు అడ్డుపడవచ్చు. ఆలేరు దగ్గరి చేనేత కుటుంబంలో పుట్టిన చింతకింది మల్లేశంగారు, ఆసు పోసి పోసి భుజాలు పడిపోతున్న తల్లిని చూడలేక యంత్రం చేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. అటువంటి గ్రామీణ ఆవిష్కర్తలకు పేటెంటు పనుల్లో సాయపడడానికి గుజరాత్‌లో జాతీయ ఆవిష్కరణల ఫౌండేషను ఉంది. చేతిలో డబ్బులేనివారు గొలుసు తియ్యకముందే అటువంటి చోట్ల విచారించడం మంచిది.

చివరగా, సంగం జాగర్లమూడి సోదరికి ఒక్క కటువైన మాట. పేటెంటు వచ్చినంతమాత్రాన గొలుసు ఇంటికి రాదు. దరఖాస్తు తేదీనుంచి ఇరవై ఏళ్ళపాటు, మీ అనుమతి లేకుండా ఇంకొకరు ఆ డ్రమ్ము చేసి అమ్మకుండా ఆపే హక్కు మాత్రమే అది ఇస్తుంది. దాన్ని నిలబెట్టుకోవడానికి మూడో ఏటినుంచి ఏటేటా రుసుము కట్టాలి. డ్రమ్ము కొనేవాడిని మాత్రం మీరే వెదుక్కోవాలి. దుగ్గిరాల యార్డుకు వచ్చే రైతుల్లో పదిమంది ఈ డ్రమ్ము కావాలంటారా అని మీ వారిని విచారించమనండి. కావాలనేటట్లయితే ఈ మూడు వారాలూ కష్టపడడంలో అర్థముంది. మీ మరిదిని ముందు కడుపునిండా అన్నం తినమనండి. తిన్న తరవాత ఆ పాత కాగితం, గీతగీసిన తెల్లకాగితం, మీ కట్టెల పుస్తకం మూడూ అతని ముందు పెట్టండి.